మీనాకుమారి అనని మాట

ఏప్రిల్ 18

ఈ మధ్య పోలమ్మ వదిన ఇంటి ముందు నుంచి నడిస్తే తాలింపు వాసన రావడం లేదు. ఎందుకో ఈ రోజు తెలిసింది. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. కోడలు మీనాకుమారికి అమ్మవారు పోసిందట. ముఖం, వీపు, చివరికి అరికాళ్ళు కూడా వదల్లేదట. కొడుకు గిరిబాబుకి రైల్వే వర్క్‌షాపులో సెలవు దొరకలేదు. అన్నీ వదినే చూస్తోంది. ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని తన అన్నం వెనకాల రేకుల షెడ్డులో వండుకుంటోంది.

మా ఆవిడ రాధారాణి నన్ను హెచ్చరించింది.

"కుళాయి కాడికి ఎల్లినప్పుడు ఆ ఇంటి ముందు ఆగకు. తల్లి ఉన్న ఇల్లు. పిలవకూడదు, పలకరించకూడదు."

"నాకు తెల్దేటి?" అన్నాను.

ఏప్రిల్ 20

వినీల వచ్చింది. పగలు పక్కనున్న మలంచాలో మందుల షాపులో పని, సాయంత్రం ఈ గాలివాన పని. నిరుడు ఇక్కడి బెంగాలీలు కాల్‌బైశాఖి అనే వేసవి గాలివానకి ముందు అందరి ఫోన్లకీ హెచ్చరిక వచ్చింది. ఫోన్లు ఛార్జింగులో ఉన్నాయి, లేకపోతే పిల్లల చేతుల్లో ఉన్నాయి. ఎవరూ చూడలేదు. అందుకని ఈ ఏడు ఆ పిల్ల మా పూరీ గేట్ పేటలో సందుకో మనిషిని పెట్టింది. ఫోన్‌లో కబురు రాగానే ఎవరి సందులో వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి చెప్పాలి. రేకుల కింద ఉన్నవాళ్ళను పక్కా గదుల్లోకి పంపాలి. చెట్ల కింద ఎవరూ లేకుండా చూడాలి.

మా సందు నాది. నాకు నలుగురిలో మాట్లాడడం రాదని ముందే చెప్పాను. వినలేదు.

"అందుకే అంకుల్. మీరు నోరు విప్పితే జనం నమ్ముతారు" అంది.

నియమం ఒక్కటే. తలుపు తట్టాక లోపలి మనిషి గొంతు వినాలి. వినకుండా ముందుకు కదలకూడదు. మొన్న అలవాటు కోసం ఒకసారి తిరిగాం. నేను తట్టగానే చిట్టెమ్మ లోపల్నుంచి, "ఎవుడ్రా అది, సందేల తలుపులు బాదేత్తన్నాడు! ఇంట్లో మనుసులు సచ్చిపోనారనుకున్నాడేటి?" అని అరిచింది. వినీల నవ్వు ఆపుకోలేకపోయింది.

"తిట్టినా సరే అంకుల్. గొంతు గొంతే."

ఏప్రిల్ 23

సాయంత్రం కాల్‌బైశాఖి. కబురు ముందే వచ్చింది. వెంటనే బయలుదేరి సందంతా చెప్పి వచ్చాను.

పోలమ్మ వదిన రేకుల షెడ్డు కూలింది. వదిన లోపలే ఉంది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన గిరిబాబు, మా పేట క్లబ్బు సెక్రటరీ ఘోష్‌బాబు కలిసి బయటికి తీశారు. ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు.

కరెంటు లేదు. ఇంక రాయలేను.

ఏప్రిల్ 24

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేస్తారట.

సాయంత్రం క్లబ్బులో అందరినీ కూర్చోబెట్టారు. ఒక్కో సందు సంగతీ ఘోష్‌బాబు అడుగుతున్నాడు. నా వంతు వచ్చింది.

"జగ్గాదా, ఆ ఇంటికి చెప్పారా?" అని బెంగాలీలో అడిగాడు.

చెప్పానని తల ఊపాను.

"గొంతు వినపడిందా అంకుల్?" అంది వినీల.

గిరిబాబు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని చొక్కా మీద మరక ఉంది. తుప్పో రక్తమో తెలియలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

"కిటికీ కాడ నిలబడి మీనా అని పిలిసినాను. ఆ అంది" అన్నాను.

ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఘోష్‌బాబు తర్వాతి సందుకి వెళ్ళిపోయాడు. గిరిబాబు మాత్రం నా ముఖం మీద నుంచి చూపు తీసి నేల చూశాడు.

ఏప్రిల్ 25

గుమ్మానికి వేపమండలు ఉన్నాయి. తల్లి ఉన్న ఇంటి తలుపు తట్టకూడదు. ఆ ఆచారం నేను పెట్టింది కాదు.

ఏప్రిల్ 26

వినీల దగ్గర ఆ ఇంటి ఫోన్ నంబరు ఉంది. మండలు కట్టిన సంగతి ఆమెకీ తెలుసు. ఫోన్ చేసి ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడం తప్పు కాదు. పైగా అప్పటికే గాలి లేచింది.

రాధారాణి అన్నం పెడుతూ అడిగింది.

"మీనాని పేరెట్టి పిలిసినావంట?"

"ఎవరన్నారు?"

"ఎవరేటి, సిట్టెమ్మ సందంతా సెప్తంది. తల్లి ఒంటిమీదున్న మనిసిని పేరెట్టి ఎవుడైనా పిలుస్తాడేటయ్యా? అమ్మా అంటాం, తల్లీ అంటాం. అబద్దం ఆడ్డం కూడా సరిగ్గా రాదు నీకు."

నేను కంచంలోంచి తల ఎత్తలేదు.

"ఆ పొద్దు డాబా మీద బట్టలు తీస్తన్నాను. అక్కణ్ణించి కుళాయి దాకా కనపడతాది" అంది. మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 27

రాధారాణి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండును.

ఏప్రిల్ 29

కుళాయి దగ్గర ఆడవాళ్ళు. నేను వెనక ఉన్నానని చూడలేదు.

"ఇన్నాదంట. ఆ అన్నాదంట. మళ్ళీ ముసుగెట్టేసిందంట" అంటోంది చిట్టెమ్మ.

"అత్తంటే అంత కచ్చ ఉండాలా?"

"ఎవరూ రానేదంటంది కదా ఆ పిల్ల?"

"మరైతే జగ్గారావు అబద్దమాడినాడేటి? ఆ మనిసి నోట్లోంచి మాటే రాదు, అబద్దమెక్కణ్ణించి వొస్తాది?"

నన్ను చూసి జరిగారు. నా బిందె ముందు పెట్టుకోమని చోటిచ్చారు. పెట్టుకున్నాను.

నేను ఆ మాట అన్నది నా మీదికి రాకుండా. అది ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు.

ఏప్రిల్ 30

హాస్పిటల్‌కి వెళ్ళాను. ఆపరేషన్ అయింది. పోలమ్మ వదిన నాకు రక్తసంబంధం ఏమీ కాదు. ఆమె భర్త, నేను ఒకే వర్క్‌షాపులో పని చేశాం. నాకు తెలుగు అక్షరాలు రావని తెలిసి, టిఫిన్ డబ్బా చుట్టిన పాత పేపర్లు పారేయకుండా తెచ్చిచ్చేవాడు. వాటి మీద కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అన్నయ్య పోయాక కూడా ఆ ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా నన్ను అడుగుతారు.

వదిన నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మాత్రం ఏటి సేత్తావు జగ్గూ. సెప్పినావు. అది ఇన్నాది. పడుకుంది."

"జొరం కదా వదినా."

"జొరం నాకు తెల్దేటి? తల్లి ఒంటిమీదుందని దాని కాళ్ళు నా సేత్తో కడిగినాను. మజ్జిగ నోటికి అందించినాను. రాత్తిరంతా వేపమండతో ఇసిరినాను. కోడలని కాదు, తల్లే అనుకున్నాను. అత్తా, గాలొస్తందంట అని ఒక్క మాట. అంతే కదా? ఒక్క మాట అన్లేకపోనాది."

చెయ్యి వదిలించుకుని నీళ్ళ సీసా సర్దాను.

మే 1

చెప్పాలి.

మే 2

ఈ రోజు కుదరలేదు.

మే 3

మీనాకుమారికి నీళ్ళు పోశారు. మండలు తీసేశారు. సాయంత్రం మా గేటు దగ్గరికి వచ్చి దూరంగా నిలబడింది. ముఖం మీద మచ్చలు ఇంకా నల్లగా ఉన్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు.

"చినమావా, ఒక మాట అడగతాను. ఏటనుకోకండి."

"అడుగమ్మా."

"ఆ పొద్దు మీరు పిలిసినప్పుడు నాను ఆ అన్నాను కదా. గొంతు ఎలగుంది? నిద్దర్లో అన్నట్టా, మెలకువలో అన్నట్టా?"

గేటు గడియ తీసి మళ్ళీ వేశాను.

"మొదట గుర్తునేదు. అందుకే ఎవరూ రానేదని సెప్పినాను. ఆయన కూడా నన్ను అబద్దాలకోరు అన్నాడు. అలగే పడుకుని ఆలోసిస్తే ఇప్పుడు కనపడతంది. కిటికీ కాడ మీరున్నారు. బుజం మీద తువ్వాలుంది. నాను ఆ అన్నాను. మళ్ళీ కళ్ళు మూసేసినాను."

"నీ తప్పేమీ నేదమ్మా" అన్నాను.

ఇన్ని రోజుల్లో నేను అన్న నిజం అదొక్కటే. అది విని ఆమె ఏడ్చింది.

"మీరు మంచోరు కాబట్టి అలగంటన్నారు. మెలకువలోనే అనుంటాను. నాకు తెలస్తంది" అని కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నా భుజం మీద తువ్వాలు లేదు. రోజూ ఉంటుంది కాబట్టి ఆమెకు అలా కనిపిస్తోంది. ఆ రోజు రాధారాణి ఉతికి డాబా మీద ఆరేసింది.

మే 4

రాసేస్తాను.

గాలి లేవలేదు. అప్పటికి ఆకు కూడా కదల్లేదు. ఎండ కాస్తుంటే గాలివానేమిటని సందులో ఒకరిద్దరు నవ్వారు. అయినా అందరికీ చెప్పాను, అందరి గొంతులూ విన్నాను. మలుపు తిరిగాక కుళాయి, దాని పక్కన ఆఖరిది పోలమ్మ వదిన ఇల్లు. మండలు చూసి ఆగాను. తలుపు తట్టకూడదు, అది నిజమే. కానీ ఆ ఇంటి పక్కగా వెళ్తే పెరటి గోడ ఉంది. గోడకి ఇవతల నిలబడి వదినా అని కేకేస్తే షెడ్డులో ఉన్న మనిషికి వినపడుతుంది. అమ్మవారు పోసింది మీనాకుమారికి, వదినకి కాదు. వదినని పిలవకూడదని ఏ ఆచారమూ లేదు.

ఇది ఇప్పుడు తోచింది కాదు. అప్పుడే తోచింది. మళ్ళీ ఎవరైనా నవ్వుతారేమో అనిపించింది. అక్కడ నవ్వడానికి మనిషి కూడా లేడు. గొంతెత్తి అరవడానికి సిగ్గేసి వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చి టీ తాగాను. తాగుతుండగా మొదటి గాలి వచ్చింది. అప్పటికీ పరుగెత్తవచ్చు. చెప్పులు ఎక్కడున్నాయా అని వెతికాను.

మే 7

వదినని ఇంటికి తెచ్చారు. మంచం మీదే. మీనాకుమారి గ్లాసుతో నీళ్ళిస్తే ముఖం గోడవైపు తిప్పుకుందట. గిరిబాబు వచ్చి ఇచ్చాక తాగిందట. రాధారాణి చూసి వచ్చి చెప్పింది. చెప్పి, నా ఎదురుగా కూర్చుంది. నేను రేడియో విప్పి శుభ్రం చేస్తున్నాను.

"అది పాడవ్వనేదు కదా, ఎందుకు ఇప్పుతన్నావు?" అంది.

మే 8

మీనాకుమారిని పలాసలో పుట్టింటికి పంపించేస్తున్నారు. పన్నెండో తారీఖుకి టికెట్ తీశారు. వెళ్ళేదానికే తీశారు, తిరిగి రావడానికి తీయలేదు.

మే 9

వర్క్‌షాపు నుంచి వచ్చే దారిలో గిరిబాబు కోసం టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. వచ్చాడు. సైకిల్ దిగాడు.

"ఏటి చిన్నాన్నా, ఇక్కడున్నారు?"

"షెడ్డుకి మళ్ళీ రేకులేస్తావా, సిమెంటుదా?" అని అడిగాను.

"ఇప్పుడేటి, ముందు అమ్మ లెగనీండి" అన్నాడు. నా టీకి డబ్బులు తనే ఇచ్చి వెళ్ళిపోయాడు.

మే 10

ఉదయం నేను చొక్కా తొడుక్కుంటుంటే రాధారాణి కూడా చీర మార్చుకుంది.

"నువ్వెక్కడికి?"

"నువ్వెక్కడికో అక్కడికే. ఒక్కడివీ ఎల్తే మళ్ళీ సిమెంటు గురించి మాటాడొచ్చేత్తావు."

టీ కొట్టు సంగతి ఆమెకు ఎవరు చెప్పారో అడగలేదు.

వదిన మంచం మీద ఉంది. గిరిబాబు బ్యాగు జిప్పు పట్టక లాగుతున్నాడు. మీనాకుమారి మడత పెట్టిన చీరలు పట్టుకుని నిలబడి ఉంది. కూర్చోమన్నా నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం.

"ఆ పొద్దు నాను మీ ఇంటికి రానేదు. మీనాని పిలవనేదు. అది ఆ అన్నేదు. క్లబ్బులో సెప్పింది అబద్దం" అన్నాను.

గిరిబాబు జిప్పు వదిలేసి నా దగ్గరికి వచ్చాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"చిన్నాన్నా, మీ మంచితనం మాకు తెల్దేటి? కాపరం నిలబెడదామని మీ మీద ఏసుకుంటన్నారు. వొద్దు. మీలాంటోరు ఇలాంటి మాటలు ఆడకూడదు."

"నేదు బాబూ. నిజం."

"అదే మీనా కూడా ఒప్పుకుంది కదా. దానికి గుర్తొచ్చింది."

మీనాకుమారి కూడా, "నా కోసం అబద్దమాడకండి చినమావా" అంది.

ఇంకా ఏం చెప్తే నమ్ముతారో నాకు తెలియలేదు.

"ఆ పొద్దు నా బుజం మీద తువ్వాలు నేదమ్మా. డాబా మీద ఆరతంది" అన్నాను.

వదిన నన్ను చూడలేదు. రాధారాణిని చూసింది.

"నువ్వు సెప్పవే రాధా."

"నిజమే అప్పా. తువ్వాలు నా సేతిలోనే ఉంది. మండలు సూసి ఎనక్కి తిరిగేసినాడు. డాబా మీంచి సూసినాను."

"మరిన్నాళ్ళూ నువ్వేటి సేసినావు?"

"ఈయనే సెప్తాడని సూసినాను. ఇయ్యాళ సెప్తాడు, రేపు సెప్తాడు అని" అంటూ రాధారాణి నేల మీద కూర్చుండిపోయింది. 

వదిన మామూలు గొంతుతోనే అడిగింది.

"మండలు కట్టింది నాను. నాకు తల్లి పోయనేదు కదా జగ్గూ. గోడ ఇవతల నిలబడి వదినా అని ఒక్క కేకెయ్యనేకపోనావా?"

అడిగిన మనిషికి జవాబు అక్కర్లేదు.

"ఒలే మీనా, నీళ్ళట్రా" అంది.

మీనాకుమారి కదల్లేదు. చీరలు చేతుల్లోనే ఉన్నాయి. నన్నే చూస్తోంది. కోపంగా కాదు. లెక్క తప్పిన చోటు వెతుక్కునే మనిషిలా.

"మరి నాకు కనపడతన్నదేటి చినమావా? కిటికీ, మీరు, నాను ఆ అనడం. ఇప్పుడు కూడా కనపడతంది. అది ఎక్కణ్ణించి వొచ్చినట్టు?"

"నాను సెప్పడం వల్లే వొచ్చిందమ్మా."

"మొదటి రోజు నాను నిజమే సెప్పినాను. ఎవరూ రానేదని. అత్త నమ్మనేదు. ఆయన నమ్మనేదు. సందులో ఒక్కరూ నమ్మనేదు." ఆమె చీరల అంచులు సరిచేసింది. "సివరికి నాను కూడా నన్ను నమ్మనేదు."

గిరిబాబు ఆమె చేతిలోంచి చీరలు తీసుకోబోయాడు, బీరువాలో పెట్టేద్దామని. టికెట్ కేన్సిల్ చేస్తానన్నాడు. ఆమె ఇవ్వలేదు. ముందు వాటిని బ్యాగులో పెట్టి, తర్వాత వెళ్ళి అత్తకి నీళ్ళు తెచ్చింది. వదిన ఆమె చేతి గ్లాసు అందుకుని తాగింది. తాగాక గ్లాసు తిరిగి ఇవ్వకుండా పట్టుకుని, "ఉండిపోవే" అంది.

"ఎల్తాను అత్తా. మీరు పంపిస్తే కాదు, నాకే ఎల్లాలనుంది. మా అమ్మ కాడ కొన్నాళ్ళు ఉంటాను" అంది మీనాకుమారి.

మే 11

మందుల షాపుకి వెళ్ళి వినీలకి చెప్పాను. కౌంటర్‌కి ఇవతల జనం ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగమని ఆమె సైగ చేసింది. ఆగకుండా చెప్పాను.

ఆ పిల్ల తిడుతుందనుకున్నాను.

"మిగతా ఇళ్ళకి నిజంగా వెళ్ళారా అంకుల్?" అని మాత్రం అడిగింది.

"ఎల్లినాను. అందరి గొంతులూ ఇన్నాను."

"సరే. కానీ నేను వెళ్ళి అడగాలి. ఏమీ అనుకోకండి."

సాయంత్రం వచ్చింది. మా కిటికీలోంచి కనిపించింది. సందు మొదటి నుంచి ఒక్కో తలుపూ తట్టి, జగ్గారావు ఆ రోజు వచ్చాడా, మీరు ఏమని పలికారు అని అడుగుతోంది. చిట్టెమ్మ, "వొచ్చినాడు, ఎండలో గాలివానేటని నానే నవ్వినాను" అనడం వినిపించింది. వినీల దాన్ని కూడా సగమే నమ్మినట్టు, పక్కింట్లో మళ్ళీ అడిగింది. రేపటి నుంచి సందు ఎవరిదో ఇంకా తేలలేదు.

మే 12

మీనాకుమారి వెళ్ళింది. గిరిబాబు బ్యాగు మోస్తూ ముందు నడిచాడు. స్టేషన్‌కి ఆటో పిలుస్తానంటే, మెయిన్ రోడ్డు దాకా నడుస్తానంది. సందులో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఎప్పుడొస్తావే అని ఎవరో అడిగారు. తెల్దు అంది.

మా గేటు దగ్గర ఆగింది. రాధారాణి ఆమె చేతిలో అరటిపళ్ళు పెట్టి, నెత్తి నిమిరింది.

నేను వెనకాలే ఉన్నాను. ఒక మాట నోటి దాకా వచ్చింది. చెప్పేశాక నాకు తేలికగా ఉందని ఆమె అనుకుంటుందేమో, తేలికగా లేదమ్మా, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు అని చెప్పాలనిపించింది. ఆమె కూడా నా వైపు చూసింది, ఏదో వినాల్సి ఉంటుందన్నట్టు భయంగా.

చెప్పలేదు. అది కూడా మళ్ళీ నా కోసమే అయ్యేది.

పక్కకి తప్పుకుని దారి ఇచ్చాను.